అంచు కలవని మూత

చైనా పళ్ళెం మీద డ్రాగన్ బొమ్మకి మూడు గోళ్ళుంటే, అది అల్లుళ్ళకి భోజనం వడ్డించడానికి చేయించిన పళ్ళెమని నేను చాలా ఏళ్ళు నమ్మాను. నమ్మి ఊరుకున్నా బాగుండేది. నా నోటికి మూత లేదు. ఒక మ్యూజియంలో, పింగాణీ గదిలో, టికెట్టు కొనుక్కుని వచ్చిన జనం ముందు, గైడు అమ్మాయి మాటకి అడ్డం పడి మరీ చెప్పాను.

"ఐదు గోళ్ళున్న డ్రాగన్ చక్రవర్తికండి" అని ఆ అమ్మాయి ఇంకా అంటూనే ఉంది. "నాలుగుంటే రాజబంధువులకి, మూడుంటే అల్లుళ్ళకి" అని నేను పూర్తి చేసేశాను.

మర్యాద తెలిసిన పిల్ల. "ఎక్కడ చదివారు సార్?" అంది.

"చదవలేదమ్మా. మా మావయ్యగారు చెప్పారు."

వెనక నుంచి ఎవరో, "మీ మావయ్యగారిది చైనా అండి?" అన్నారు.

"కాదండి, తెనాలి."

నవ్వాల్సిన వాళ్ళందరూ నవ్వారు. మా ఆవిడ మాత్రం నవ్వలేదు. పక్క గదిలో కత్తులు చూడ్డానికి వెళ్ళిపోయింది. కత్తులంటే ఆవిడకి అంత ఇష్టమని పెళ్ళయిన ఇన్నేళ్ళలో నాకు తెలీదు.

అవమానం అక్కడితో ఆగలేదు. పక్క అద్దాల బీరువాలో ఇంకో పళ్ళెం ఉంది, అంచంతా గబ్బిలాలు. గబ్బిలం చైనాలో అదృష్టానికి గుర్తనీ, ఐదు గబ్బిలాలుంటే ఐదు భాగ్యాలనీ మావయ్యగారు ఎప్పుడో చెప్తే నేను పగలబడి నవ్వాను. ఇంట్లోకి గబ్బిలం వస్తే తలుపులన్నీ తీసి చీపురు పట్టుకునే జాతి మనది. అలాంటిది అదృష్టమంటే ఎవడు నమ్ముతాడు? గైడు అమ్మాయి ఆ పళ్ళెం దగ్గర ఆగి, "ఇవి గబ్బిలాలండి, అదృష్టానికి గుర్తు" అంది. నిజాన్ని నమ్మకుండా, అబద్ధాన్ని వదలకుండా ఇంత సమతూకంగా ఎలా బతికానో నాకే ఆశ్చర్యం వేసింది. నేను బాపట్లలో ఇంటర్ పిల్లలకి ఫిజిక్స్ చెప్తాను. ప్రతిదానికీ రుజువు అడగండర్రా అని చెప్పడమే నా ఉద్యోగం.

బయటికొచ్చాక మా ఆవిణ్ణి అడిగాను, "అల్లుళ్ళ సంగతి అబద్ధమని నీకు తెలుసా?"

"తెలుసు. మా మావయ్య నాకు చిన్నప్పుడు మూడు గోళ్ళుంటే మేనకోడళ్ళకి అని చెప్పాడు."

"మరి నాకు చెప్పలేదేం?"

"మీరు అంత బుద్ధిగా వింటుంటే చెప్పబుద్ధి కాలేదు."

ఆ మావయ్యగారు మొన్న కార్తీకంలో పోయారు. ఆయన మా ఆవిడకి మేనమామ, అంటే మా అత్తగారికి తమ్ముడు. పెద్దకర్మ రోజు భోజనాలకి వంటవాళ్ళు కాగితం పళ్ళేలు తెచ్చారు. వాటి మీద నీలం పువ్వులు అచ్చేసి ఉన్నాయి. నేను బంతిలో కూర్చుని, నా పళ్ళెం తీసుకుని, అలవాటుగా వెనక్కి తిప్పి చూశాను. తలెత్తేసరికి ఎదురు బంతిలో ఇంకో నలుగురు కూడా తిప్పి చూస్తున్నారు. సాంబారు గిన్నె పట్టుకున్న కుర్రాడు, "పళ్ళేలు బాగానే ఉన్నాయండి, కారవు" అన్నాడు.

అడుగు తిప్పి చూడ్డం మా అందరికీ ఆయన అంటించిన జబ్బు. పింగాణీ ఏదైనా అడుగున గుర్తుంటుందని, ఆ గుర్తు చూడకుండా మాట్లాడకూడదని ఆయన పట్టుదల. తెనాలి స్టేషను దగ్గర హోటల్లో ఒకసారి ఇడ్లీలు పెట్టిన పళ్ళేన్ని అలాగే తల మీదికి ఎత్తి అడుగు చూశారు. ఇడ్లీలు ఆయన చొక్కాని పట్టుకుని నిలిచాయి గానీ పచ్చడి నిలవలేదు. "మామూలుదేనండీ, మన దేశం ఖుర్జా బట్టీల సరుకు" అని తాపీగా దించి, జేబులోంచి పచ్చడి తుడుచుకున్నారు.

ఇంకో అలవాటు, ఏది కనిపించినా గోటితో అంచు మీద కొట్టి చెవి దగ్గర పెట్టుకోవడం. టీ కప్పు, పూలకుండీ, డాక్టరుగారి బల్ల మీది పెన్నుల డబ్బా, మా అమ్మాయి పాలగ్లాసు. మంచి పింగాణీ అయితే గంటలా మోగుతుందట. పెళ్ళిచూపుల్లో నాకిచ్చిన కాఫీ కప్పు కూడా ఆయన అలాగే లాక్కుని కొట్టి చూసి, నా వంకా కప్పు వంకా మార్చి మార్చి చూసి తిరిగిచ్చారు. రెండింటిలో దేన్ని బోలుగా తేల్చారో ఇప్పటికీ తెలీదు.

తెనాలిలో ఆయనకి చీరల కొట్టుండేది. చీరాల నుంచి నేత చీరలు తెచ్చి అమ్మేవారు. కొట్టు మూసేశాక కూడా భాష మాత్రం కొట్టు భాషే. చైనా జాడీని కూడా చీరని చూసినట్టే చూసేవారు. "ఇదిగోండి, మెడ దగ్గర ఈ సన్న గీత అంచు. పొట్ట మీదంతా బుటా. బొమ్మ ఉన్నవైపు కొంగు. నీలం ఒక్కటే రంగు, చూశారా, తెలుపు మీద నీలం. ఒక్క రంగుతో ఇంత పని చేసినవాడు నా కొట్లో ఉంటే కాళ్ళు కడిగేవాణ్ణి."

"ఊరికే అందానికి వెయ్యరండీ ఈ బొమ్మలు" అనేవారు. "ప్రతిదీ ఒక దీవెన. మనం అక్షింతలు వేసి నోటితో అంటాం, వాళ్ళు కుంచెతో పళ్ళెం మీద అంటారు. పీచ్ పండు వేస్తే నూరేళ్ళూ బతకమని. దానిమ్మ వేస్తే పిల్లాపాపలతో ఉండమని. బాతుల జంట వేస్తే మొగుడూ పెళ్ళాం కొట్టుకోకండర్రా అని."

ఆయన దగ్గర పాత పళ్ళేలు కొన్ని ఉండేవి. వాటిని బీరువాలో పెట్టి చూసుకునే రకం కాదు. వచ్చిన వాళ్ళకి వాటిలోనే టిఫిన్ పెట్టేవారు. ఎవరికి ఏ పళ్ళెంలో పెట్టారో చూస్తే, వాళ్ళ గురించి ఆయనేమనుకుంటున్నారో తెలిసిపోయేది. ముసలి డాక్టరుగారికి పీచ్ పండు. పోట్లాడుకునే పక్కింటి దంపతులకి బాతులు.

కొత్తల్లుడిగా మొదటిసారి వెళ్ళినప్పుడు నా ముందు ఒక పళ్ళెం పెట్టి దాని నిండా ఉప్మా పోశారు. "అడుగున ఏం బొమ్మ ఉందో చెప్పండి చూద్దాం" అన్నారు. ఉప్మా నాకు పడదు. అయినా మర్యాదకీ కుతూహలానికీ మధ్య ఇరుక్కుని తింటూ పోయాను. అంచు దగ్గర నీలంగా ఒక తోక బయటపడింది. "చేపండీ!" అన్నాను. "ఏం చేస్తోంది?" అని ఇంకో గరిటె వేశారు. అది తిని చూస్తే నీళ్ళు కనిపించాయి. "ఈదుతోందండి." "ఎటు?" ఇంకో గరిటె. మా ఆవిడ వంటింటి గుమ్మంలో నిలబడి కొంగు నోట్లో కుక్కుకుంది. చివరికి ఊపిరాడని స్థితిలో బొమ్మ మొత్తం చూశాను. చేప వరదకి ఎదురీది ఒక ద్వారం మీంచి దూకుతోంది. అలా దూకిన చేప డ్రాగన్ అయిపోతుందట. పరీక్ష నెగ్గినవాడికి గుర్తు. నా పీహెచ్‌డీ అప్పటికి చాలాకాలంగా ఎదురీదుతోంది. ఆ సంగతి ఆయనకి ఎవరు చెప్పారని నేను అడగలేదు, గుమ్మం వైపు చూశానంతే.

ఇలా సగం నిజాలూ సగం కల్పనలూ కలిపి వడ్డించేవారు. ఎక్కడిదండీ ఈ మాట అంటే, కళ్ళద్దాలు తీసి, పంచె చెంగుతో తుడిచి, ఇంటికప్పు వంక చూసి, "పుస్తకంలో ఉందండీ" అనేవారు. ఆ ఇంట్లో నేను పంచాంగం తప్ప ఇంకో పుస్తకం చూడలేదు.

అన్నిటికంటే ఆయనకి ప్రాణం ఒక జాడీ. నీలం నేల మీద మంచు పగిలినట్టు గీతలు, ఆ పగుళ్ళ మధ్య తెల్లటి ప్లమ్ పూలు. చలికాలం ఇంకా పోకుండానే అన్నిటికంటే ముందు పూసే పువ్వట అది. దాని భుజం చుట్టూ సన్నగా అలల అంచు. దాని మీద మూత మాత్రం వేరే. మూతకి తామరరేకుల అంచు. నాకైతే రెండూ నీలంగానే కనిపించేవి. ఆయనకి అది రోజూ కంట్లో నలుసు. "చీరొకటి, దాని మీద రవిక ఇంకోటి. నిద్ర పడుతుందటండీ మనిషికి?" అనేవారు. పైగా ఆ మూత సరిగ్గా కూర్చోదు. వీధిలో లారీ వెళ్తే చాలు, గడగడమంటుంది. "అదిగో, అక్కయ్య తిడుతోంది" అనేవారు.

అక్కయ్యంటే రేపల్లెలో ఉండే మా అత్తగారు. వాళ్ళ తాతగారు రంగూన్ నుంచి ఓడలో వస్తూ, వరి ఊకలో పెట్టి రెండు జాడీలు తెచ్చారట. ప్లమ్ పూలది ఒకటి, తామరపూలది ఒకటి. వాళ్ళమ్మగారు పోయాక సామాను పంచుకునేటప్పుడు తామరపూల జాడీ అక్కకీ ప్లమ్ పూలది తమ్ముడికీ వచ్చాయి. అక్క తన జాడీని ఎత్తుకోబోతుంటే తమ్ముడు చుట్టాలందరి ముందూ, "ఊరగాయ పెట్టుకునేదానికి నీకు చైనా జాడీ ఏంటక్కయ్యా, మట్టికుండ చాలదూ?" అన్నారు. ఆవిడ అప్పటికప్పుడే జాడీ తీసుకుని రేపల్లె వెళ్ళిపోయారు. ఆ హడావిడిలో మూతలు మారాయి. నువ్వు మార్చావంటే నువ్వు మార్చావని ఇద్దరూ అనుకున్నారు.

అప్పట్నుంచి ఆయన ఆ గడప తొక్కలేదు, ఆవిడ తెనాలిలో దిగలేదు. మా పెళ్ళిలో కూడా పందిరికి చెరో కొసనా కూర్చున్నారు. కానీ ఆవిడ ఏటా పట్టుబట్టి ఆ జాడీలోనే ఆవకాయ పెట్టేవారు. పెట్టి, ఒక సీసా నా చేతికిచ్చి, "తెనాలిలో దిగుతారు కదా బాబూ" అనేవారు. ఎవరికో చెప్పేవారు కాదు. ఆయన అన్నంలో కలుపుకుని, కళ్ళు మూసుకుని తిని, "ఉప్పెక్కువైంది" అని సీసా దాచుకునేవారు. దసరాకి ఒక చీర మడతపెట్టి, "రేపల్లె వైపు వెళ్తారు కదండీ" అనేవారు. బాపట్ల బండి దిగి రేపల్లె బండి ఎక్కే ఊరు తెనాలి. ఆ ఇంట్లో తెనాలి జంక్షన్ని నేనే. సరుకు నా మీదుగా అటూ ఇటూ వెళ్ళేది. మాట మాత్రం వెళ్ళేది కాదు.

మ్యూజియంలో నా పరువు పోయిన తర్వాతి వేసవి అనుకుంటాను. గుంటూరు కళ్ళ డాక్టరు దగ్గరికి ఆయన్ని నేనే తీసుకెళ్ళాను. నరం ఎండిపోతోందనీ, పోయిన చూపు రాదనీ, ఉన్నది ఎంతకాలమో చెప్పలేమనీ అన్నారు. వచ్చేటప్పుడు బస్సులో కిటికీ పక్కన కూర్చున్నారు. సగం దారి దాటాక, "నీలం ముందు పోతోందండీ" అన్నారు. "పొద్దు వాలితే నీలమూ నలుపూ ఒకటే."

నేను వెలుగు రావాలని కిటికీ అద్దం పక్కకి జరిపాను.

"చూపుండగా ఒక్కసారి అంచు కలిసి చూడాలండీ, అల్లుడుగారూ."

"వెళ్ళి అడగొచ్చు కదండీ?"

"అడగొచ్చు."

"అడిగితే ఇస్తారండి అత్తయ్యగారు."

"ఇస్తుంది. ఎందుకివ్వదూ?"

"మరి?"

"అడగాలి కదండీ" అన్నారు, కిటికీలోంచి బయటికి చూస్తూ.

ఆ వారమే నేను రేపల్లె వెళ్ళాను. ఆవకాయ రోజులు. పాత ఊరగాయ సీసాల్లోకి తీసేసి, జాడీ కడిగి, అత్తయ్యగారు వాకిట్లో ఎండకి బోర్లించారు. ఎప్పుడూ మెడకి వాసెన గుడ్డ కట్టి అలమర లోపల ఉండే ఆ జాడీని నేను పూర్తిగా చూడ్డం అదే మొదలు. ప్లమ్ పూల మూత పక్కనే ఉంది, వెల్లకిలా. అందులో మెంతులు నానుతున్నాయి. ఆయన చూస్తే ఉన్న చూపు కూడా అప్పుడే పోయేది.

ఆయన కళ్ళ సంగతి చెప్పాను. ఆవిడ మెంతులు కలుపుతున్న చెయ్యి ఆపి విన్నారు.

"తీసుకెళ్ళండి బాబూ, ఈ మూత" అన్నారు. "కళ్ళు పోతుంటే పంతమేంటి నాకు?" అని మెంతులు వేరే గిన్నెలోకి ఒంపేశారు. మూత కడిగి, కొంగుతో తుడిచి, నా చేతిలో పెట్టబోయి ఆగారు. "ఒక్కసారి వచ్చి అడిగితే వాడి సొమ్మేం పోయింది?" అన్నారు.

అప్పుడు నాకు ఆయన పుస్తకం గుర్తొచ్చింది.

"మూత నాకివ్వకూడదండి అత్తయ్యగారూ" అన్నాను. "చైనాలో ఒక ఆచారం ఉంది. అక్కాతమ్ముళ్ళ మధ్య జాడీల మూతలు మారితే, చిన్నవాళ్ళు స్వయంగా వచ్చి పెద్దవాళ్ళ కాళ్ళకి దణ్ణం పెట్టి మార్చుకోవాలట. లేకపోతే అచ్చిరాదట."

ఆవిడ నా మొహంలోకి చూశారు. "ఎక్కడుంది ఈ ఆచారం?"

"పుస్తకంలో ఉందండి."

"మా తమ్ముడి పుస్తకంలోనా?"

"అందులోనేనండి."

ఆవిడ మూతని మళ్ళీ అలమరలో పెట్టి తలుపు వేశారు. "అయితే నిజమే అయ్యుంటుంది. రమ్మనండి" అన్నారు.

తెనాలిలో ఆచారం సంగతి నేనెత్తలేదు. అక్కయ్య రమ్మన్నారని, జాడీ కూడా తెమ్మన్నారని మాత్రం చెప్పాను. "నిజంగా అందా? ఏమని అంది? ఏ మాటతో అంది?" అని తిప్పి తిప్పి అడిగారు, నా మాటకి కూడా అడుగున గుర్తుందేమోనన్నట్టు. మర్నాడు గడ్డం గీసుకుని, ఇస్త్రీ పంచె కట్టుకుని, జాడీకి తెల్ల తువ్వాలు చుట్టి పైన ముడేసి, రేపల్లె పాసింజర్లో ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. రెండు చేతులూ దాని చుట్టూనే. మూత నా సంచిలో ఉంది.

బండి కిక్కిరిసి ఉన్నా మా చుట్టూ ఎవరూ చేరలేదు. వేమూరు దాటాక ఎదురుగా ఉన్న పెద్దావిడ ఆ ముడి వంక చూసి చేతులు జోడించింది. "ఎవరు బాబాయిగారూ పోయింది? పిన్నిగారా?"

"ఎవరూ పోలేదమ్మా" అన్నారాయన. "మూత కోసం వెళ్తున్నాం."

ఆవిడ నా వంక జాలిగా చూసింది. పెద్దాయనకి మతి చలించిందనుకున్నట్టుంది. దిగేటప్పుడు, "జాగ్రత్తగా చూసుకో నాయనా" అని చెప్పి మరీ దిగింది.

రేపల్లెలో అత్తయ్యగారు వసారాలో కుర్చీ వేసుకుని కూర్చున్నారు. కట్టుకున్నది ఆయన పంపిన చీరే. పక్కన పీట మీద తామరపూల జాడీ, దాని పక్కన మూత. లేవలేదు.

"వచ్చావా?"

"వచ్చానక్కయ్యా."

"అల్లుడుగారేదో ఆచారం చెప్పారు. చైనాలోదట."

ఆయన నా వైపు తిరిగారు. నేను కళ్ళద్దాలు తీసి, చొక్కా అంచుతో తుడిచి, వసారా కప్పు వంక చూసి, ఆ ఆచారం మొత్తం చెప్పాను.

"ఇదెక్కడుందండీ?" అన్నారాయన.

"పుస్తకంలో ఉందండీ."

ఆయన ఒక్క క్షణం నోరు తెరిచారు. ఇది కల్పనంటే తన పుస్తకమంతా కల్పనని ఒప్పుకోవాలి. మూసేశారు. పీట మీద ఉన్న మూత వంక చూశారు. మెల్లగా మోకాళ్ళ మీద చేతులు ఆనించి వంగి, అక్క పాదాలు తాకారు.

"కుండ చాలదూ అన్నావురా నన్ను" అన్నారావిడ. నెమ్మదిగానే అన్నారు.

"అన్నానక్కయ్యా."

"నోరు జారిందా?"

"జారలేదు. అమ్మ జాడీ నువ్వు తీసుకెళ్ళిపోతుంటే చూడలేక, కావాలనే అన్నాను."

ఆవిడ చెయ్యి ఆయన తల మీద ఉంచారు. తీయడం మర్చిపోయినట్టు చాలాసేపు ఉంచారు. తర్వాత మూత తీసి తన చేత్తోనే ఆయన జాడీ మీద పెట్టారు. చప్పుడు లేకుండా కూర్చుంది. ఆయన జాడీని ఎండలోకి జరిపి, ముక్కు దానికి తగిలేంత దగ్గరగా వంగి, అలల అంచు వెంట వేలు పెట్టి జాడీ చుట్టూ తిరిగారు. జాడీని తిప్పొచ్చని తోచలేదు, తనే తిరిగారు.

"కనిపిస్తోందట్రా?" అన్నారు అత్తయ్యగారు.

"కనిపిస్తోంది. నీలంగానే ఉంది. కలిసిందే, కలిసింది."

ఆయన కళ్ళు తుడుచుకుని, ముక్కు చీది, పంచె సర్దుకుని మళ్ళీ మా మావయ్యగారైపోయారు. నా సంచిలోంచి తామరపూల మూత హుందాగా బయటికి తీసి, "ఇదిగోనే నీది" అని ఆవిడ చేతికి ఇవ్వబోయారు.

"ఆగండి మావయ్యగారూ" అన్నాను.

"ఏంటండీ?"

"ఇది రెండో మూత."

"అయితే?"

"మూతకొకసారండీ."

ఆయన నా వంక చూశారు. అత్తయ్యగారు కుర్చీలో సర్దుకుని కూర్చుని, చీర కుచ్చిళ్ళు కొంచెం పైకి తీసుకుని, కాళ్ళు ముందుకి చాపారు.